గోడ మీది బూజు ఎవరి పాపం? విశాఖ బిల్డర్లకు ఒక ఇల్లాలి బహిరంగ లేఖ

విశాఖపట్నంలో అపార్ట్‌మెంట్లు కట్టి అమ్ముతున్న బిల్డర్లకు, వాటికి ప్లాన్లు గీస్తున్న ఇంజినీర్లకు,

నమస్కారం.

మొన్న వరలక్ష్మీ వ్రతానికి కట్టుకుందామని పెళ్లినాటి పట్టుచీర బయటికి తీశాను. జరీ అంచు పక్కన, మడత పడ్డ చోటల్లా పెరుగు చుక్కలు చింది ఎండినట్టు తెల్లటి మచ్చలు. వేలితో రాస్తే పొడిలా రాలింది. మూతపెట్టి మర్చిపోయిన టిఫిన్ డబ్బా వాసన. పక్క అరలో మావారి బెల్టు పచ్చగా పాచిపట్టి ఉంది. కప్‌బోర్డు వెనక ప్లైవుడ్ మీద అరచెయ్యి ఆనిస్తే చల్లగా, కాస్త మెత్తగా తగిలింది. దాని వెనకాల ఉన్నది బాత్రూం గోడ. అక్కడ కప్‌బోర్డు పెట్టాలని అనుకున్నది నేను కాదు. మీరిచ్చిన ప్లానులోనే గీత గీసి 'వార్డ్‌రోబ్' అని రాసి ఉంది.

మా ఫ్లాటు మధురవాడ వైపు, రెండో అంతస్తు. తాళాలు చేతికిచ్చి నాలుగేళ్లయింది. మా బిల్డర్ పేరు ఇక్కడ రాయను. ఈ లేఖ ఆయన ఒక్కడికే కాదు, నేను చూసిన ఫ్లాట్లలో చాలావాటిది ఇదే కథ.

ఫోన్ చేస్తే సైట్ ఇంజినీరు కుర్రాడు వచ్చాడు. మర్యాదస్తుడే, చెప్పులు బయటే విడిచి వచ్చాడు. గోడ చూశాడు, తట్టాడు, ఫొటో తీసుకున్నాడు. "బట్టలు ఇంట్లోనే ఆరేస్తారు కదా ఆంటీ, కిటికీలు మూసి ఏసీ వేస్తారు. అందుకే చెమ్మ. మంచి డ్యాంప్‌ప్రూఫ్ పెయింట్ వేయించుకోండి, సరిపోతుంది" అన్నాడు. మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

అంటే తప్పు నాది, మందు పెయింటు. నాలుగేళ్లలో ఆ మందు రెండుసార్లు వేయించాం. రెండుసార్లూ మూడు నెలలు తిరక్కుండానే గోడ అప్పడంలా పొంగింది.

మూడోసారి పెయింటర్ని కాకుండా ఒక పెద్దాయన్ని పిలిచాను. తాపీ మేస్త్రి, శ్రీకాకుళం వైపు మనిషి. ఆయన గోడ తట్టలేదు, ఫొటో తీయలేదు. అర మీటరు పాలిథీన్ కాగితం అడిగి, గోడకు నాలుగు వైపులా గాలి చొరబడకుండా టేపు వేసి అంటించాడు. "రెండ్రోజులు ముట్టుకోకమ్మా. తడి కాయితం మీద, మీ వైపు ఉంటే అది గదిలోని తేమ. కాయితం వెనక, గోడ వైపు ఉంటే గోడలో నీరుంది. గోడలో నీరుంటే పైన ఎన్ని పూసి ఏటి లాభం?" అన్నాడు.

రెండు రోజుల తర్వాత చూస్తే బాత్రూం వైపు గోడకు అంటించిన కాగితం వెనకంతా ముత్యాల్లా నీటి బొట్లు. హాలు గోడకు అంటించిన కాగితం మాత్రం వెనక పొడిగానే ఉంది. కానీ ఆ హాలు గోడ పైమూలలోనూ నల్లచుక్కలున్నాయి. అంటే ఒకే ఇంట్లో రెండు రోగాలు. మీ ఇంజినీరు రెండింటికీ ఒకే మందు రాసి వెళ్లాడు.

మేస్త్రి చెప్పిన గుర్తులు మీకు తెలియనివి కావు, అయినా రాస్తాను, ఫ్లాటు కొన్నవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి. బాత్రూం పక్క గోడకు నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు పెచ్చులూడి తెల్లగా ఉప్పు పూస్తే అది లోపలి నుంచి ఊరుతున్న నీరు. స్లాబు మీద టీ మరకలాంటి గోధుమరంగు వలయం కనిపిస్తే పై ఇంటి బాత్రూమో, డాబానో కారుతోంది. గది పైమూలల్లో, బీరువా వెనక, కర్టెన్ చాటున నల్లచుక్కలు వస్తే అది గాలిలోని తేమ గోడకు పట్టి వచ్చింది. మూడింటికీ వైద్యం వేరు.

మొదటి దానికి పూర్తిగా మీదే పూచీ. బాత్రూం స్లాబును అడుగు లోతుకు దించి, పైపులు వేసి, ఇటుక ముక్కలతో నింపి పైన టైల్స్ పరుస్తారు. ఆ గుంతకు వాటర్‌ప్రూఫింగ్ సరిగ్గా చేయకపోతే మేం పోసుకున్న ప్రతి చెంబు నీళ్లలో కొంత అక్కడే చేరుతుంది. అదొక కనిపించని కుంట. ఆ కుంట ఒడ్డున నా పట్టుచీరలున్నాయి. టైల్స్ వేయకముందు గుంతలో నీళ్లు నింపి రెండు రోజులు నిలబెట్టి, కింది అంతస్తుకు వెళ్లి తలెత్తి చూస్తే చాలు, విషయం అక్కడే తేలిపోతుంది. ఖర్చు కొన్ని డ్రమ్ముల నీళ్లు. మా బిల్డింగులో ఆ పరీక్ష చేశారా అని అడిగితే "చేసే ఉంటారండీ" అన్నారు ఆఫీసువాళ్లు. చేసే ఉంటారు!

ఇక హాలు గోడ సంగతి. ఇక్కడ నా తప్పు కూడా ఉంది, దాచను. వానాకాలంలో బట్టలు ఇంట్లోనే ఆరేస్తాను. పడగ్గదిలో ఏసీ 20లో పెట్టేవాళ్లం. విశాఖలో వాన ముసురు పట్టినప్పుడు గాలి 30 డిగ్రీల వేడితో, 80 శాతం తేమతో ఉంటే, అది 26 డిగ్రీల చల్లదనం తగిలిన చోటల్లా నీళ్లు వదిలేస్తుంది. చల్లటి మజ్జిగ పోసిన స్టీలు గ్లాసు పైన చెమర్చుతుందే, అదే. పడగ్గది ఏసీ ఆ గోడను చల్లబరిస్తే, గోడకు అవతల హాల్లో ఉన్న ఉక్కగాలి దాని మీద చెమర్చుతోంది. ఏసీ గదిలో గోడ బాగానే ఉండి పక్క గదిలో బూజు ఎందుకు పడుతోందో నాకు అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పుడు 26లో పెట్టి ఫ్యాను వేసుకుంటున్నాం. బీరువా గోడకు జానెడు దూరం జరిపాం. కొన్ని వందలు పెట్టి తేమ కొలిచే చిన్న మీటరు కొన్నాను. మా ఇంట్లో ఇప్పుడు క్యాలెండర్ కన్నా దాన్నే ఎక్కువ చూస్తాం.

కానీ అయ్యా, బట్టలు ఎక్కడ ఆరేయమంటారు? బ్రోచర్లో 'యుటిలిటీ' అని ఉన్న చోట వాషింగ్ మిషన్ పెడితే మనిషి పక్కకు తిరిగి నిలబడాలి. ముందు బాల్కనీలో ఆరేస్తే 'ఎలివేషన్ పాడవుతుంది', అంటే బిల్డింగు ముందు రూపు చెడుతుంది అని అసోసియేషన్ నోటీసు. డాబా మీద సగం సోలార్, సగం నీళ్ల ట్యాంకులు, మిగిలింది తాళం. నలుగురున్న ఇంటి ఒక్క ఉతుకుడు బట్టల్లోంచి లీటర్ల కొద్దీ నీరు ఆవిరై గదిలోకే పోతుంది.

బట్టలొక్కటే అనుకోకండి. ఒక కిలో వంటగ్యాసు మండితే కిలోన్నరకు పైగా నీరు పుడుతుంది. అది మంటలోంచి ఆవిరిగా వస్తుంది కాబట్టి కంటికి కనపడదు. లెక్కేస్తే 14.2 కిలోల సిలిండర్ అయిపోయేసరికి సుమారు 22 లీటర్ల నీళ్లు వంటింట్లోకి వస్తాయి. అన్నం ఉడికిన ఆవిరి, ఇడ్లీల ఆవిరి, వేడినీళ్ల స్నానాల ఆవిరి దీనికి అదనం. ఇదంతా ఎటు పోవాలి? మీరు వదిలిన దారి ఒకటే: డక్ట్.

ఒకసారి మా డక్ట్‌లోకి తల పెట్టి చూడండి. నాలుగడుగుల వెడల్పు, అయిదంతస్తుల లోతు. రెండు వైపుల బాత్రూం వెంటిలేటర్లూ, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్లూ అందులోకే. పైనుంచి పావురాలు వస్తున్నాయని వల వేశారు, వాన పడుతోందని వల మీద రేకు వేశారు. ఇక గాలి ఎటు కదులుతుంది? కింది ఇంటివాళ్ల చేపల పులుసు ఆవిరి మా బాత్రూంలోకి, మా స్నానాల ఆవిరి పై వాళ్ల బాత్రూంలోకి వెళ్తున్నాయి. పులుసు వాసన మీద నాకేం ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదంతా ఆ ఆవిరి గురించి.

ఇప్పుడు కిటికీల దగ్గరికి వద్దాం. 2018లో కేంద్రం ఇళ్ల కోసం 'ఎకో నివాస్ సంహిత' అని ఒక కోడ్ తెచ్చింది. మనలాంటి వేడి, తేమ రెండూ ఉన్న ప్రాంతాల్లో గాలి కోసం తెరుచుకునే భాగం నేల విస్తీర్ణంలో 16.66 శాతానికి తగ్గకూడదని అందులో ఉంది. అంటే ఆరో వంతు. పొడిగా ఉండే వేడి ప్రాంతాలకైతే 10 శాతం చాలంది. సముద్రం పక్కనున్న మనకు ఎక్కువ కావాలని ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు తెలిసింది. మా పడగ్గది 10 అడుగులు, 12 అడుగులు. ఆరో వంతంటే 20 చదరపు అడుగులు. మీరు పెట్టిన కిటికీ అయిదు నాలుగులు 20. కాగితం మీద లెక్క సరిపోయింది. కానీ అది స్లైడింగ్ కిటికీ! ఒక రెక్క జరిపితే ఇంకో రెక్క మీదికి వెళ్తుంది, తెరుచుకునేది సగమే. పాత రెక్కల కిటికీ అయితే పూర్తిగా తెరుచుకునేది. పైగా ఈ స్లైడింగ్ కిటికీల అడుగు పట్టాలో నీళ్లు పోవడానికి ఉండే చిల్లులు మా ఇంట్లో లప్పంతో మూసుకుపోయి ఉన్నాయి. నేను హెయిర్‌పిన్నుతో తవ్వుకున్నాను.

కిటికీలు తెరిచినంత మాత్రాన అంతా అయిపోతుందని నేను అనడం లేదు. జులైలో బయటి గాలే తడిగుడ్డలా ఉంటుంది. కానీ కదిలే గాలి గోడను కొంతైనా ఆరబెడుతుంది. నిలిచిపోయిన గాలి ఆ పని చేయదు.

బయటి గోడల సంగతి హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014 అక్టోబర్ 12న చూశాం. అప్పుడు మేం పెదవాల్తేరులో ఓ పాత డాబాలో అద్దెకుండేవాళ్లం. ఆ వాన పైనుంచి పడలేదు, పక్కనుంచి కొట్టింది. కరెంటు లేదు, ఫ్యాను లేదు, రోజుల తరబడి ఇల్లంతా తడి. అయినా ఆ ఇంటికి ప్రతి కిటికీ మీదా రెండడుగుల సన్‌షేడ్ ఉండేది. దాని అడుగున అంచు వెంబడి వేలెడు వెడల్పు గాడి కూడా ఉండేది. నీరు గోడ వైపు పాకకుండా ఆ గాడి దగ్గరే బొట్టుగా రాలిపోయేది. ఇప్పుడు మీ ఎలివేషన్లలో సన్‌షేడ్ పాతకాలపు వస్తువైపోయింది. నున్నటి గోడ, దాంట్లో అద్దం. ఫొటోకి ముచ్చటగానే ఉంది. గోడ మీద జారిన నీరంతా తిన్నగా కిటికీ చట్రం మీదికే వస్తోంది.

ఇంకో మాట చెబితే మీకూ, మాకూ ఇద్దరికీ కోపం వస్తుందేమో. మాకు తాళాలిచ్చింది శ్రావణంలో. ఆషాఢంలో గృహప్రవేశం చేయం, శ్రావణం రాగానే మంచి ముహూర్తమని మేమే మీ వెంట పడ్డాం. మీరేమో జూన్, జులై వానల్లో ప్లాస్టరింగ్ చేయించి, అది ఆరకముందే లప్పం పెట్టి, దాని మీద రంగు వేసి ఇచ్చారు. కొత్త సిమెంటు గోడలో కలిపిన నీరు బయటికి పోవడానికి నెలలు పడుతుంది. దాన్ని రెండు వైపులా మూసేస్తే ఎక్కడికి పోతుంది? మా అత్తగారి ఊళ్లో పెంకుటింటికి ఏటా సంక్రాంతి ముందే సున్నం వేసేవారు. పండగ కోసం అనుకునేదాన్ని. ఇప్పుడు తెలుస్తోంది, ఏడాది మొత్తంలో గాలి పొడిగా ఉండే రోజులు అవే. సున్నం పూసిన గోడ తడిని పట్టి ఉంచదు, పైగా సున్నం ఘాటుకు బూజు అంత తేలిగ్గా నిలవదు. ప్లాస్టిక్ పెయింటులా గోడ నోరు మూసెయ్యదు.

తమాషా ఏమిటంటే మన భాషలో సాలెగూడూ బూజే, గోడ మీద నల్లచుక్కా బూజే, ఊరగాయ మీద తెల్లపొరా బూజే. మొదటి దాన్ని భోగి ముందు చీపురుకట్టకు గుడ్డ కట్టి దులుపుతాం. రెండోదాన్నీ అలాగే దులిపితే దాని పొడి ఇల్లంతా ఎగిరి కొత్త గోడలు వెతుక్కుంటుంది. మొదటి ఏడాది నేను చేసింది అదే. ఆ వారమంతా మా చిన్నవాడికి దగ్గు ఆగలేదు. ఇప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకుని, సబ్బునీళ్ల గుడ్డతో తడిగా తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టి, ఫ్యాను తిప్పుతున్నాను. మూడోదాని విషయంలో మాత్రం మనమంతా పండితులమే. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే మా అమ్మ ఊరుకునేది కాదు. జాడీ మీద అంత శ్రద్ధ ఉన్న జాతికి తడి గోడల మధ్య కాపురం రాసిపెట్టి ఉంది.

మా అసోసియేషన్ గ్రూపులో ఒకాయన బ్లీచింగ్‌లో టాయిలెట్ కడిగే యాసిడ్ కలిపి గోడకు కొట్టమని సలహా ఇచ్చాడు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. తలుపులు మూసిన బాత్రూంలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. కప్‌బోర్డులో కలరా ఉండలు వేసినా లాభం లేదు. అవి పురుగుల్ని ఆపుతాయి, తడిని కాదు. పసిపిల్లల బట్టల మధ్య అసలు వేయకూడదు.

మా చిన్నవాడికి ఏడేళ్లు. వానాకాలం రాత్రుళ్లు వాడి ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తాయి. డాక్టరమ్మ స్టెతస్కోపు తీసి అడిగిన మొదటి ప్రశ్న, "ఇంట్లో గోడలకి చెమ్మ ఉందా?" వాడి ఆయాసానికి ఈ గోడే కారణమని నేను కోర్టులో నిరూపించలేను. కానీ తడి, బూజు ఉన్న ఇళ్లలోవాళ్లకు దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ప్రచురించింది. వాడి మంచం ఇప్పుడు హాల్లో ఉంది, ఆ గోడకు దూరంగా.

ఇక అడగాల్సింది అడుగుతాను. ఇప్పుడు కడుతున్నవాటిలో బాత్రూం గోడకు ఆనించి వార్డ్‌రోబ్ గీయడం మానండి. తప్పనిసరైతే మధ్యలో గాలి ఆడే సందు వదలండి. బాత్రూంలలో నీళ్లు నిలబెట్టిన రోజున కొన్నవాళ్లని పిలవండి, మేం కింద నిలబడి స్లాబు చూసుకుంటాం. మోడల్ ఫ్లాటుకు పిలిచి టీ ఇస్తారు కదా, ఆ టీ ఆ రోజు ఇవ్వండి. స్లైడింగ్ కాకుండా రెక్కల కిటికీలు పెట్టండి, పైన సన్‌షేడ్ వేయండి. డక్ట్ మీద రేకు వేయాల్సి వస్తే గోడకు రెండడుగుల ఎత్తున లేపి, చుట్టూ గాలి పోయేలా వేయండి. వానాకాలంలో చేసిన ప్లాస్టరింగ్ మీద లప్పం పెట్టే ముందు ఆరనివ్వండి. మేం ముహూర్తమని తొందర పెడితే గోడ పచ్చిగా ఉందని మొహం మీదే చెప్పండి. ఒకటి రెండు నెలలు ఆగుతాం. ఆగకపోతే అప్పుడు తప్పు మాదే అనండి.

బట్టలకు కూడా ఒక చోటు చూపించండి. ప్రతి అంతస్తుకూ కాకపోయినా, డాబా మీద రేకు కప్పి, నాలుగు వైపులా గాలి ఆడేలా నాలుగు దండేలు కట్టించండి.

ఇప్పటికే అమ్మేసిన ఇళ్ల సంగతి చట్టంలోనే ఉంది. 2016లో వచ్చిన రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఇల్లు అప్పగించిన రోజు నుంచి అయిదేళ్లలోపు కట్టుబడిలో, పనితనంలో లోపం ఉందని మీ దృష్టికి తెస్తే 30 రోజుల్లో పైసా అడగకుండా మీరు సరిచేయాలి. ఫోన్లో చెబితే ఏ గుర్తూ మిగలదని నాలుగేళ్లకు తెలిసింది. అందుకే పాలిథీన్ కాగితం, దాని వెనక నీటిబొట్లు, పెచ్చులూడిన గోడ, తేమ మీటరు మీద 84 శాతం, అన్నీ ఫొటోలు తీసి, తేదీలు వేసి మా బిల్డర్ గారికి స్పీడ్ పోస్టులో పంపాను. మా బ్లాకులో మరో ఏడు ఇళ్లవాళ్లు కూడా వాళ్ల గోడల ఫొటోలు తెచ్చిచ్చారు. వాళ్లవీ అందులోనే పెట్టాం. పెయింటు డబ్బాలతో ఎవరినీ పంపొద్దని కూడా రాశాం. టైల్స్ తీసి, గుంత ఆరబెట్టి, వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయాలి. అన్ని రోజులూ ఒకే బాత్రూంతో సర్దుకుంటాం.

ఆ పాలిథీన్ ఇంకా గోడకే ఉంది. మీలో ఎవరైనా వచ్చి చూడొచ్చు. మా అయిదేళ్ల గడువు వచ్చే శ్రావణం దాకా ఉంది.

ఇట్లు,
మధురవాడ నుంచి ఒక ఫ్లాటు యజమానురాలు